అల్లుడు పదో గ్రహం ఎలా అయ్యాడు? సరదా నిర్వచనాల లోపలి లాజిక్

సదా వక్రః సదా క్రూరః సదా పూజామపేక్షతే, కన్యారాశిస్థితో నిత్యం జామాతా దశమో గ్రహః. పెళ్లిళ్లలో కొత్త అల్లుడు అలిగి కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు పక్కకి తిరిగి గొణుక్కునే చాటు శ్లోకం ఇది. ఎప్పుడూ వంకరగా ఉంటాడు, ఎప్పుడూ క్రూరంగా ఉంటాడు, ఎప్పుడూ పూజలే కోరుకుంటాడు, కన్యారాశి వదిలి కదలడు, కాబట్టి అల్లుడు పదో గ్రహం. అందరూ నవ్వేస్తారు, అక్కడితో అయిపోతుంది. కానీ ఒక్కసారి ఆగి చూస్తే ఇందులో ఒక్క మాట కూడా జోకు మాట కాదు. గ్రహానికి వక్రగతి ఉంటుంది, క్రూరగ్రహాలనే పేరుతో ఒక జాతి ఉంది, గ్రహశాంతికి పూజ చేస్తారు, గ్రహం రాశిలో ఉంటుంది. అన్నీ జ్యోతిషం పుస్తకంలోంచి తీసిన పక్కా పారిభాషిక పదాలే. ఒకటే తేడా, మిగతా తొమ్మిది గ్రహాలు రాశులు మారుతూ తిరుగుతాయి, ఈ పదోది మాత్రం మన పిల్ల దగ్గరే తిష్ఠ వేసుక్కూర్చుంది. శాస్త్రం భాషలో ఒక్క అక్షరం చెడగొట్టకుండా మనిషిని చెడామడా తిట్టడం అంటే ఇదీ.

వైద్యుణ్ని యమధర్మరాజుకు తోబుట్టువుగా నమస్కరించే శ్లోకం కూడా ఇదే పద్ధతి. యముడు ప్రాణాలు మాత్రమే తీసుకుంటాడు, వైద్యుడు ప్రాణాలతో పాటు డబ్బు కూడా తీసుకుంటాడు. ముందు ఇద్దర్నీ ఒక కుటుంబంలో చేర్చి, తర్వాత ఇద్దరికీ తేడా ఏమిటో చెప్పాడు. నిర్వచనం అంటే సరిగ్గా ఇదే కదా: ఈ వస్తువు ఏ జాతిది, ఆ జాతిలో మిగతావాటికీ దీనికీ తేడా ఏమిటి.

సరదా నిర్వచనం అనగానే ఏదో నోటికొచ్చిన వెటకారం అనుకుంటాం గానీ నా లెక్కలో అది మామూలు నిర్వచనం కంటే కష్టం. మొత్తం కట్టుదిట్టంగా ఉండాలి, ఒక్కచోట తప్పాలి, ఎక్కడ తప్పిందో చదివేవాడికి వెంటనే తెలియాలి. ఎక్కడెక్కడ తప్పొచ్చో మన తర్కశాస్త్రం వాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు కూడా, కాకపోతే వాళ్లది జోకులు వేసే ఉద్దేశం కాదు.

తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాశాడు, ఇవాళ్టికీ తర్కం మొదలుపెట్టేవాళ్లకి అదే తొలి పాఠం. దానికి ఆయనే రాసుకున్న వ్యాఖ్యలో లక్షణం, అంటే నిర్వచనం, ఎలా ఉండాలో చెబుతాడు. ఉదాహరణ ఆవు. ఆవంటే గంగడోలు ఉన్నది అనాలి, మెడ కింద వేలాడే ఆ చర్మపు మడత. ఎందుకని? ఆవంటే కపిల వర్ణం, అంటే ఎర్రటి గోధుమరంగు, ఉన్నది అంటే తెల్లావులు బయటికి పోతాయి, ఇది అవ్యాప్తి దోషం. కొమ్ములున్నది అంటే గేదెలూ మేకలూ లోపలికి వచ్చేస్తాయి, ఇది అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉన్నది అంటే ఏ ఆవుకీ అలా ఉండదు, అది అసంభవం. ఈ మూడూ లేకపోతేనే నిర్వచనం నిలబడుతుంది.

ఇప్పుడు గ్రీకుల దగ్గరికి వెళ్దాం. మనిషి అంటే రెక్కలూ ఈకలూ లేని రెండుకాళ్ల జంతువు అని ప్లేటో నిర్వచిస్తే అందరూ మెచ్చుకున్నారట, డయోజినీస్ అనే తిక్క తత్వవేత్త ఒక కోడికి ఈకలు పీకి ఆ పాఠశాలకి పట్టుకొచ్చి ఇదిగో ప్లేటో చెప్పిన మనిషి అన్నాడట. ఆ తర్వాత నిర్వచనానికి వెడల్పాటి గోళ్లున్న అని ఒక తోక తగిలించాల్సి వచ్చింది. డయోజినీస్ లాయర్షియస్ అని, తర్వాతి కాలం నాటి ఇంకో డయోజినీస్ రాసిన తత్వవేత్తల జీవితాల్లో ఉన్న కథ ఇది, ఎంతవరకు జరిగిందన్నది పక్కన పెడితే, అన్నంభట్టు పుస్తకంలో అతివ్యాప్తికి బొమ్మ వేయాలంటే ఆ కోడి బొమ్మే వేయాలి.

మన పాత తెలుగు నిఘంటువుల్లో దీనికి తిరగబడిన సంగతి ఒకటి ఉంది, అది నాకు భలే ఇష్టం. ఏదో చెట్టు పేరు దొరికి అర్థం కోసం వెతికితే అక్కడ వృక్షవిశేషము అని ఉంటుంది. పిట్ట పేరు వెతికితే పక్షివిశేషము. చేప అయితే మత్స్యవిశేషము. ఒక రకం చెట్టు అన్నమాట, ఏ రకమో మాత్రం అడక్కూడదు. జాతి చెప్పేశారు, తేడా చెప్పలేదు, కాబట్టి అడవిలో ఉన్న చెట్లన్నీ ఆ ఒక్క నిర్వచనంలో పట్టేస్తాయి. వాళ్లు నవ్వించాలని రాయలేదు, పాపం, ఆ చెట్టు కావ్యంలో కనబడిందే గాని పెరట్లో కనబడి ఉండదు. అయినా నవ్వొస్తుంది. ఎందుకంటే నిఘంటువు నుంచి మనం కోరేది ఆ తేడాయే, సరిగ్గా అదే లేదు.

కావాలని నవ్వించిన నిఘంటుకారుల్లో అందరికన్నా ముందు చెప్పుకోవాల్సింది శామ్యూల్ జాన్సన్ గురించి. లండన్ పుస్తక వ్యాపారులు కొందరు కలిసి 1746లో ఇంగ్లీషు నిఘంటువు రాసిపెట్టమని ఆయనతో 1,500 గినీలకు ఒప్పందం రాయించుకున్నారు, మూడేళ్లలో పూర్తి చేస్తానన్నాడు, పుస్తకం బయటికి వచ్చింది 1755 ఏప్రిల్‌లో. 42 వేలకు పైగా మాటలు, లక్షకు పైగా సాహిత్య ఉదాహరణలు, ఆయనా, చేతిరాతకు పెట్టుకున్న ఆరుగురు సహాయకులూ, అంతే. అంత చాకిరీ చేసినవాడు తన వృత్తిని కూడా వెక్కిరించకుండా వదల్లేదు. నిఘంటుకారుడు అంటే నిఘంటువులు రాసేవాడు, మాటల పుట్టుక వెతుక్కుంటూ అర్థాలు వివరించుకుంటూ కాలక్షేపం చేసే ఎవరికీ హాని చేయని గానుగెద్దు అని రాసుకున్నాడు. డల్ అనే మాటకి ఉత్సాహం లేని, ఆనందం లేని అని అర్థం ఇచ్చి, ఉదాహరణగా నిఘంటువులు తయారుచెయ్యడం డల్ పని అని తగిలించాడు.

అందరికీ తెలిసింది ఓట్స్ నిర్వచనం. ఇంగ్లండులో సాధారణంగా గుర్రాలకు పెట్టే ధాన్యం, స్కాట్లండులో మాత్రం జనాన్ని పోషిస్తుంది. ఇందులో అబద్ధం లేదు, ఆ రోజుల్లో స్కాట్లండు సామాన్యులకి ఓట్స్ గంజీ రొట్టే ముఖ్యమైన తిండి. అవ్యాప్తి లేదు, అతివ్యాప్తి లేదు. మరి తప్పెక్కడ? దీనికి మన వేదాంతులు ఇంకో పేరు పెట్టారు. దేవదత్తుడి ఇల్లేది అంటే అదిగో కాకి వాలి ఉంది చూడు, అదే అని చూపించామనుకోండి, ఇల్లు దొరుకుతుంది, కానీ కాకి ఇంటిలో భాగం కాదు, ఎగిరిపోతుంది. దీన్ని తటస్థ లక్షణం అంటారు. ఇంటి గోడలూ కప్పూ వర్ణిస్తే అది స్వరూప లక్షణం. జాన్సన్ ఓట్స్ గింజ ఎలా ఉంటుందో, ఏ గడ్డి జాతిదో చెప్పాల్సిన చోట ఎవరు తింటారో చెప్పాడు. స్వరూప లక్షణం రాయాల్సిన గడిలో తటస్థ లక్షణం రాశాడు, ఆ కాకి స్కాట్లండు వాళ్ల నెత్తిన వాలింది. ఇందులో ఇంకో తమాషా, ఆయన ఆరుగురు సహాయకుల్లో ఐదుగురు స్కాట్లండు వాళ్లే, తర్వాత ఆయన జీవితచరిత్ర రాసిన బాస్వెల్ కూడా అక్కడివాడే.

పేట్రన్ అనే మాట దగ్గర మాత్రం నవ్వు తక్కువ, మంట ఎక్కువ. పేట్రన్ అంటే మన లెక్కలో కృతిభర్త, పుస్తకం అంకితం పుచ్చుకుని కవిని పోషించే ప్రభువు. జాన్సన్ రాసింది: ఆదరించేవాడు, అండగా నిలిచేవాడు, కాపాడేవాడు; సాధారణంగా పొగరుతో పోషించి పొగడ్తలు జీతంగా పుచ్చుకునే నీచుడు. ఇక్కడ జరిగింది తెలియాలంటే లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ కథ తెలియాలి. మొదట్లో నిఘంటువు ప్రణాళిక ఈయనకే సమర్పిస్తే పట్టించుకోలేదు, తీరా పని పూర్తవుతోందని తెలిశాక పత్రికలో మెచ్చుకుంటూ వ్యాసాలు రాశాడు. 1755 ఫిబ్రవరిలో జాన్సన్ ఆయనకి రాసిన ఉత్తరం ఇంగ్లీషు సాహిత్యంలో పేరుమోసిన ఉత్తరాల్లో ఒకటి. నిఘంటువులో ఉన్నది ఆ ఉత్తరానికి ఒక్క వాక్యం సారాంశం. ఎక్సైజ్ సుంకాన్ని అసహ్యకరమైన పన్ను అనీ, దాన్ని నిర్ణయించేవాళ్లను నీచులనీ రాసినందుకు ఆ శాఖ కమిషనర్లు దావా వేయొచ్చా అని అటార్నీ జనరల్‌ను అడిగారు కూడా, ఆయన ఇది పరువునష్టమే గానీ దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇవ్వండి అన్నాడు, జాన్సన్ దిద్దలేదు.

పెన్షన్ మాటకి ఇంగ్లండులో దీన్ని దేశద్రోహానికి ప్రభుత్వ కూలీకి ఇచ్చే జీతం అని అర్థం చేసుకుంటారు అని రాసిన ఇదే మనిషికి, ఏడేళ్ల తర్వాత 1762లో రాజు మూడో జార్జ్ ఏడాదికి 300 పౌన్ల పెన్షన్ మంజూరు చేశాడు. పుచ్చుకోవాలా వద్దా అని స్నేహితుల్ని అడిగి మరీ పుచ్చుకున్నాడు. జనం ఊరుకుంటారా, ఎద్దేవా చేశారు.

ఒక సంగతి మాత్రం మర్చిపోకూడదు. 42 వేల మాటల్లో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా గంభీరంగా ఉంది కాబట్టే ఇవి పేలాయి. ఈ రహస్యం స్కాట్లండులోనే పుట్టిన చాంబర్స్ నిఘంటువుకి బాగా తెలుసు. ఎక్లేర్ అనే క్రీము కేకుకి అక్కడ ఇచ్చిన అర్థం దాదాపు ఇలా ఉంటుంది: ఆకారంలో పొడుగు, ఆయుష్షులో పొట్టి. నడివయసు అంటే యవ్వనానికీ ముసలితనానికీ మధ్య, లెక్కపెట్టేవాడి వీలును బట్టి మారేది. 1970లలో ప్రచురణకర్తలు ఇదేం నిఘంటువు అని చాలావాటిని తీసేస్తే పాఠకులు గోల చేశారు, 1983 ఎడిషన్‌లో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. వేల పేజీల్లో ఎక్కడో దాక్కుని ఉండటమే ఆ కేకు రుచి. మొత్తం పుస్తకం అలాగే ఉంటే అలవాటు పడిపోతాం.

మొత్తం పుస్తకం అలాగే రాసినవాడూ ఉన్నాడు, ఆంబ్రోస్ బియర్స్. అమెరికా అంతర్యుద్ధంలో తలలో గుండు దెబ్బ తిని బతికిన సైనికుడు, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికల్లో కాలమిస్టు. 1880లలో పత్రికల్లో విడివిడిగా రాసినవి 1906లో ఒక మెత్తని పేరుతో, 1911లో డెవిల్స్ డిక్షనరీ అనే అసలు పేరుతో వచ్చాయి. 1913లో విప్లవం జరుగుతున్న మెక్సికో వైపు వెళ్లాడు, ఆ తర్వాత మనిషి అయిపూ అజా లేదు. సంవత్సరం అంటే 365 నిరాశల కాలం. ఒంటరిగా అంటే చెడు సావాసంలో. సంప్రదించు అంటే ముందే నిర్ణయించుకున్న పనికి ఇంకొకరి ఆమోదం కోరు. ఈ మూడోది చదివాక ఏ ఆఫీసు మీటింగులోనూ మామూలుగా కూర్చోలేం, సరే అది వేరే విషయం. బోర్ కొట్టే మనిషి అంటే తను వింటే బాగుండు అని మనం అనుకుంటున్నప్పుడు మాట్లాడేవాడు. అహంకారి అంటే తక్కువ అభిరుచి గలవాడు, నా మీద కన్నా తన మీదే ఎక్కువ ఆసక్తి ఉన్నవాడు.

చివరి రెండిట్లో చేసిన పని జాన్సన్ చేసినదానికి భిన్నం. జాన్సన్ బాణం పక్కవాడికి తగిలింది. బియర్స్ బాణం నిర్వచించేవాడికే తగిలింది. నిఘంటువులో నేను అనే మాట ఉండదు, అర్థం చెప్పేది ఎవరో ఊరూ పేరూ లేని గొంతు. అహంకారి నిర్వచనంలో ఆ గొంతు నా అని నోరు జారింది, దాంతో అహంకారి ఎవరో తేలిపోయింది. అవతలివాడు మాట్లాడటం తప్పు, మనం మాట్లాడాలనుకోవడం తప్పు కాదు అనే మన రూలు కూడా బయటపడింది. తర్కంలో ఈ దోషానికి పేరు లేదనుకుంటా, ఉండాల్సింది.

ఇంతవరకూ తెలిసిన మాటకి తిక్క అర్థం. ఇక తిరగేసి చూద్దాం, తిక్క మాటకి మామూలు అర్థం.

మనకి ఇందులో పెద్ద దిక్కు తెనాలి రామకృష్ణుడు. దిగ్విజయ యాత్రకొచ్చిన పండితుడి ముందు పట్టుబట్టలో చుట్టిన కట్ట పెట్టి ఇది తిలకాష్ఠమహిషబంధనం, దీని మీద వాదిద్దామా అన్నాడట. తను చదవని గ్రంథం ఉందని తెలిసిన పండితుడు రాత్రికి రాత్రి ఊరొదిలేశాడు. విప్పితే నువ్వుల కట్టెలూ, గేదెను కట్టే తాడూ. తిల, కాష్ఠ, మహిష, బంధనం, ఒక్కొక్క మాటా ఆ పండితుడికి పుట్టుకతో వచ్చినవే, నాలుగూ కలిస్తే మాత్రం గుండె ఆగింది. అతను తెలివితక్కువవాడని నవ్వుకుంటాం గానీ అతని భయంలో న్యాయం ఉంది. సంస్కృత సమాసం కొత్త మాటలు ఎన్నైనా పుట్టించగలదు, ఏదీ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, ఏదీ నిఘంటువులో ఉండదు. కాబట్టి విననంతమాత్రాన లేదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంగ్లీషులో ఈ పని గ్రీకు, లాటిన్ ముక్కలు చేస్తాయి. 1935లో అమెరికా పజిల్ సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ ఒక మాట తయారుచేశాడు, ఊపిరి బిగబట్టి చదవండి, న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కనోకోనియోసిస్. ఇంగ్లీషులో 45 అక్షరాలు. అర్థం, అగ్నిపర్వతాల సన్నని ఇసుక దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. దీనికి డాక్టర్లు వాడే మాట సిలికోసిస్, పలకల గనుల్లో, రాళ్లు కొట్టే క్వారీల్లో పనిచేసేవాళ్లని చంపే జబ్బు అదే. అన్నిటికన్నా పొడుగు మాట కావాలని కట్టిన మాటే అయినా పెద్ద నిఘంటువులు చేర్చుకోక తప్పలేదు, ఎందుకంటే అన్నిటికన్నా పొడుగు మాట ఏది అని జనం వెతుకుతున్నారు. వాడుకలో ఉన్న మాటలే చేరుస్తాం అనే నియమం ఉంది కదా, ఆ మాటని పొడుగు మాటకి ఉదాహరణగా వాడటం కూడా వాడుకే మరి.

జాన్సన్ కూడా ఒకచోట తెలియకుండా తిలకాష్ఠం చుట్టాడు. నెట్‌వర్క్ అంటే ఆయన రాసిన అర్థాన్ని అదే బరువుతో తెలుగులో పెడితే, సమదూరాలలో జాలీకృతమో వ్యత్యస్తమో అయి ఖండన స్థానముల నడుమ అంతరాళములు గల ఏదేని వస్తువు. వల అండీ, వల.

మాటలు కట్టడంలో తెలుగువాళ్లకి ఇంకో దారి చూపించింది 1957 నాటి మాయాబజార్, పింగళి నాగేంద్రరావు మాటలు. అస్మదీయులు అంటే సంస్కృతంలో మనవాళ్లు. రాక్షసుల నోట అది అసమదీయులు అయింది, నోరు తిరగని జంటాక్షరాన్ని విడగొట్టడం మన పల్లె నోళ్లకీ అలవాటే కాబట్టి చెవికి వింతగా ఉన్నా కొత్తగా ఉండదు. దానికి ఎదురు మాటగా తసమదీయులు. సంస్కృతంలో వాళ్లవాళ్లు అనడానికి తదీయులు అని ఉంది గానీ తస్మదీయులు అనే మాటే లేదు. అ తీసి త పెడితే అటువైపు వాళ్లయ్యారు, అంతే, హాల్లో ఒక్కడికీ నిర్వచనం చెప్పాల్సిన పని పడలేదు. తర్వాత జరిగింది చూడండి: ఇవాళ పత్రికల్లో రాజకీయ వార్తల్లో అస్మదీయులు, తస్మదీయులు అని జంటగా, పూర్తి గంభీరంగా రాస్తున్నారు. రాక్షసుల ఉచ్చారణను దిద్ది, జంటాక్షరం పెట్టి, జోకు మాటకి జంధ్యం వేశారు. ఇంకో తరం పోతే దీనికి పాణిని సూత్రం అడిగేవాళ్లు కూడా వస్తారు.

మాటను విరిచి అర్థం చెప్పడం మనకి జోకు కన్నా ముందు శాస్త్రం. గురువు అంటే గు చీకటి, రు దాన్ని పోగొట్టేది అని విన్నాం. పుత్ అనే నరకం నుంచి దాటించేవాడు పుత్రుడు అని మనుస్మృతిలో ఉంది. ఇవి భక్తితో చెప్పిన అర్థాలు, వాటి పని వాటిది, కానీ మాట పుట్టుక వేరు. గురు అంటే మొదట బరువైన అని, ఛందస్సులో గురువు, లఘువు అంటున్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే మిగిలి ఉంది. భర్త అంటే భరించేవాడు అని మనం వేసుకునే జోకు ఇంకా తమాషా. సంస్కృతంలో ఆ ధాతువుకి మోయడం, పోషించడం అని అర్థం, కాబట్టి భర్త అంటే పోషించేవాడు, ఇందులో నవ్వేమీ లేదు. తెలుగులోకి వచ్చాక భరించడం కాస్తా ఓర్చుకోవడం అయింది. వ్యుత్పత్తి అదే, ఒక్క అక్షరం మారలేదు, భాష మారేసరికి నిర్వచనం జోకైపోయింది. ఎవరూ వేయని జోకు ఇది.

జోకు నవ్వు పోగొట్టుకుని నిజమై తిరగడం అసలు ప్రమాదం. న్యూస్ అంటే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు అని వాట్సాప్‌లో, కొన్నిచోట్ల పాఠాల్లో కూడా చెబుతుంటారు. కాదు, న్యూ అనే మాటకి బహువచనం, కొత్త సంగతులు అని, అంతే. పొడి అక్షరాలు కలిపి మాట చేయడం ఇంగ్లీషులో 20వ శతాబ్దంలో పెరిగిన అలవాటు, కాబట్టి అంతకన్నా పాత మాటకి ఎవరైనా అక్షరాల లెక్క చెబితే అనుమానించడమే మంచిది. ఇంకో ఫార్వర్డ్, పన్ను రీఫండ్ రాగానే కలిగే మత్తు, అది మన డబ్బేనని గుర్తొచ్చేదాకా ఉంటుంది, దాని పేరు ఇంటాక్సికేషన్. ఇది వాషింగ్టన్ పోస్ట్ పత్రిక పాఠకులకి పెట్టిన ఒక్క అక్షరం మార్చే పోటీలోది, మెన్సా అనే మేధావుల సంఘం పేరు మీద తిరుగుతుంటుంది. ఇంగ్లీషులో ఓ తీసి ఎ పెట్టారు, మధ్యలో టాక్స్ కనబడింది. తెలుగు లిపిలో ఈ జోకు పుట్టనే పుట్టదు, మామూలు మాటని కూడా మనం అలాగే రాస్తాం.

ఇక నిఘంటువులోకే దొంగ మాట దూరితే? రెండు రకాలుగా దూరుతుంది, పొరపాటున, కావాలని. పొరపాటుకి డార్డ్‌ని మించింది లేదు. 1931లో వెబ్‌స్టర్ నిఘంటువు కెమిస్ట్రీ సంపాదకుడు ఒక చీటీ పంపాడు, పెద్ద డి గాని చిన్న డి గాని సాంద్రతకు సంకేతం అని. ఇంగ్లీషులో ఆ గాని అనే మాట ఓఆర్, అటూ ఇటూ డి. సంకేతాల కట్టలో పడాల్సిన చీటీ మాటల కట్టలో పడింది, నాలుగక్షరాలూ కలిసిపోయాయి, ఎవరో ఉచ్చారణ కూడా చేర్చారు, 1934లో అచ్చయింది. అర్థం, సాంద్రత. 1939లో ఒక సంపాదకుడు ఈ మాటకి వ్యుత్పత్తి లేదేమిటి అని చూసేదాకా హాయిగా బతికింది. తర్వాత అదే సంస్థలో పెద్ద సంపాదకుడైన గోవ్ దీని కథ రాస్తూ పాపం పోయిందే, డార్డ్ అంటే సాంద్రత ఎందుకు కాకూడదు అని వాపోయాడు.

కావాలని పెట్టిన వాటిలో పాతది 1903 నాటి ఒక సంగీత విజ్ఞాన గ్రంథం చివరి మాట. ఇంగ్లీషులో రెండు జడ్‌లు, ఎక్స్, జె, ఓ, ఎ, ఎన్, డబ్ల్యూ. పలికేది షా అట. న్యూజిలాండు మావోరీ భాషలో డోలు, పిల్లనగ్రోవి, ముగింపు అని అర్థాలు. మావోరీలో జడ్ లేదు, ఎక్స్ లేదు, జె లేదు. పైగా ముగింపు అనే అర్థం గ్రంథం ఆఖరి మాటకి ఇచ్చాడు, అంతకంటే పెద్ద కన్ను కొట్టడం ఉంటుందా, అయినా దశాబ్దాల పాటు వింత పదాల పుస్తకాలు దాన్ని ఎత్తిరాస్తూనే పోయాయి.

1975లో వచ్చిన న్యూ కొలంబియా ఎన్‌సైక్లోపీడియాలో లిలియన్ వర్జీనియా మౌంట్‌వీజెల్ అనే ఆవిడ ఉంది. 1942లో ఒహైయో రాష్ట్రంలోని బ్యాంగ్స్‌లో పుట్టింది, ఫౌంటెన్ల డిజైనర్, తర్వాత ఫొటోగ్రాఫర్, పల్లెటూళ్ల పోస్టు డబ్బాల ఫొటోలకి పేరు తెచ్చుకుంది, మండే వస్తువుల పత్రిక కోసం పనిమీద వెళ్లి 31 ఏళ్లకే పేలుడులో పోయింది. పుట్టిన ఊరు పేరే ఢాం. ఆవిడ లేదు, ఉండలేదు. వేరే ప్రచురణకర్త ఎవరైనా కాపీ కొడితే పట్టుబడటానికి పెట్టిన వల, ఇప్పుడు ఇంగ్లీషులో ఇలాంటి దొంగ ఎంట్రీలన్నిటికీ ఆవిడ ఇంటిపేరే పేరు. 2001 నాటి న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీలో ఎస్క్వివేలియన్స్ అనే మాట ఇలాగే పెట్టారు, అర్థం ఉద్యోగ బాధ్యతని కావాలని ఎగ్గొట్టడం, నమ్మించడానికి ఫ్రెంచి వ్యుత్పత్తి కూడా. 2005లో బయటపడేసరికి ఒక ఇంటర్నెట్ నిఘంటువులోకి ఎక్కేసింది. పని ఎగ్గొట్టడం గురించిన మాటను, పని ఎగ్గొట్టి కాపీ కొట్టేవాళ్ల కోసం పెట్టడం, కొలిచి వేసిన దెబ్బ.

ఈ వల కోర్టులో ఎంతవరకు పనికొస్తుంది? అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసు తేల్చింది. రూరల్ అనే ఫోన్ కంపెనీ జాబితాలోంచి ఫైస్ట్ అనే సంస్థ ఎత్తిన వాటిలో 1,309 ఎంట్రీలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి, అందులో నాలుగు రూరల్ వాళ్లు కల్పించిన దొంగ పేర్లు. కాపీ అని నిరూపణ అయింది, అయినా రూరల్ ఓడిపోయింది, పేర్లూ నంబర్లూ వట్టి నిజాలు, నిజాల మీద కాపీరైట్ ఉండదని. అంటే ఆ జాబితాలో వాళ్లు సొంతంగా సృష్టించింది ఏదైనా ఉందంటే ఆ నాలుగు అబద్ధాలే.

అన్నిటికన్నా నాకు నచ్చింది జర్మన్లది. ప్షిరెంబెల్ అని అక్కడి డాక్టర్లు రోజూ వాడే వైద్య నిఘంటువు ఉంది. లోరియో అనే హాస్య కళాకారుడు 1976లో టీవీలో చూపించిన రాతిపేను, రోజుకు 28 కిలోల కాంక్రీటూ ఇటుకలూ తినే జీవి, 1983లో లాటిన్ శాస్త్రీయ నామంతో సహా ఆ నిఘంటువులో చేరింది. మూత్రపిండాల్లో రాళ్లకి చికిత్సగా పనికొస్తుందేమో అన్న ధోరణిలో, మిగతా ఎంట్రీలు ఎంత గంభీరంగా ఉంటాయో అంత గంభీరంగా. 1994 ఎడిషన్‌లో తీసేశారు. డాక్టర్లు ఒప్పుకోలేదు, నిరసనలు వచ్చాయి. 1997లో మళ్లీ పెట్టారు, ఈసారి ఇంకొంచెం పెంచి, బెర్లిన్ గోడ కూలడంలో రాతిపేను పాత్ర ఏమిటనే చర్చతో సహా.